వైరు ఇంటిదాకా వచ్చింది

మా బడంగ్‌పేట్ ఇంట్లో మోడెం టీవీ పక్కన ఉంటుంది. నానమ్మ దాని మీద ఒక అల్లిక గుడ్డ కప్పింది. వేడెక్కుతుంది తీసెయ్ నానమ్మా అంటే "దుమ్ము వడతది రా" అంటుంది. పొద్దున ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి గుడ్డ ఎత్తి ఎర్ర లైట్ వచ్చిందేమో చూస్తుంది. మా ఇంట్లో ఇంటర్నెట్ వాడనిది ఆమె ఒక్కతే. దానికి కాపలా ఉండేది కూడా ఆమె ఒక్కతే.

ఈ సంచికకి ఒక టెక్నికల్ వ్యాసం తెలుగులో కావాలని క్లబ్ సీనియర్లు అడిగారు. నాది ఎల్కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. తెలుగు రాయడం ఈ క్లబ్‌లోకి వచ్చాకే కాస్త కుదిరింది. కాబట్టి వాక్యాలు మాట్లాడినట్టే ఉంటాయి, సర్దుకోండి. విషయం ఏంటంటే, ప్రభుత్వాలు వేల కోట్లు పెట్టి ఊరూరికీ ఫైబర్ వేస్తున్నాయి. ఆ ఫైబర్ చివర ఉన్న మనుషులకి దాంతో ఏం చేయాలో ఎవరు చెప్తున్నారు? దీని గురించి చదివింది కొంత, మా గల్లీలో నేను చేసిన తప్పు ఒకటి కలిపి రాస్తున్నా.

ముందు వైరు సంగతి చూద్దాం. మన సిలబస్‌లో ఫైబర్ అంటే టోటల్ ఇంటర్నల్ రిఫ్లెక్షన్, రెండు మార్కుల ప్రశ్న, అంతే. నాకు అది నిజంగా అర్థమైంది మా కేబుల్ అన్న దగ్గర. ఒకసారి మూడు రోజులు నెట్ ఆగి ఆగి వస్తోంది. అన్న వచ్చాడు. మోడెం జోలికి పోకుండా సీదా తలుపు దగ్గరికి వెళ్ళాడు. వైరు తలుపు సందులో నలిగి, మేకు చుట్టూ గట్టిగా వంగి ఉంది. చేతిలో ఉన్న పవర్ మీటర్ పెడితే మైనస్ 27 డీబీఎం. వైరు సాపు చేసి పెద్ద చుట్టగా చుట్టాడు, మైనస్ 21కి వచ్చింది. "బాగ వంచితే వెలుగు కారిపోతది తమ్మీ" అన్నాడు. క్రిటికల్ యాంగిల్ గురించి ఇంత చక్కగా నాకు ఎవరూ చెప్పలేదు.

ఆ వెలుగు ఎక్కడి నుంచి వస్తుందంటే, ఆపరేటర్ దగ్గర ఓఎల్‌టీ అనే డబ్బా ఉంటుంది. మన ఇంట్లో ఉండేది ఓఎన్‌టీ. మధ్యలో స్తంభం మీద కరెంటు అక్కర్లేని స్ప్లిటర్ ఒకటి. ఒక ఫైబర్‌లో వచ్చిన వెలుగుని అది 32 ఇళ్ళకి పంచుతుంది. సగం చేసిన ప్రతిసారీ 3 డీబీ పోతుంది కదా, ఐదు సగాలు అంటే 15 డీబీ అక్కడే పోయినట్టు. జీపాన్ పద్ధతిలో మన వైపు వచ్చే డేటా 1490 నానోమీటర్ల మీద, మన నుంచి వెళ్ళేది 1310 మీద, రెండూ ఒకే పోగులో. ఇంటికి వచ్చే సిగ్నల్ మైనస్ 27 కంటే కిందికి జారితే పని నడవడం కష్టం. అంటే మా తలుపు ఇంకొంచెం గట్టిగా మూసి ఉంటే నానమ్మకి ఎర్ర లైట్ కనిపించేది.

ఇంకో సంగతి. మా గల్లీలో లైన్ పోతే ఎవరూ కస్టమర్ కేర్‌కి చేయరు. అన్నకే చేస్తారు. ఆయన నంబరు ప్రతి ఇంటి మీటర్ బోర్డు పక్కన గోడ మీద పెన్సిల్‌తో రాసి ఉంటుంది. ఇది గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తా.

ఇప్పుడు ప్రభుత్వం వేసే వైరు. 2011 అక్టోబర్‌లో కేంద్ర క్యాబినెట్ నేషనల్ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్‌కి ఒప్పుకుంది. దేశంలో ఉన్న రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకి ఫైబర్ తీసుకెళ్ళాలని ప్లాన్. తర్వాత దానికే భారత్‌నెట్ అని పేరు పెట్టారు. 2017 డిసెంబర్ నాటికి మొదటి దశలో లక్ష పంచాయతీలు అయ్యాయి. మండల కేంద్రం దాకా అప్పటికే బీఎస్‌ఎన్‌ఎల్ ఫైబర్ ఉంటుంది, అక్కడి నుంచి పంచాయతీ ఆఫీసు దాకా కొత్తది వేస్తారు. కానీ పంచాయతీ ఆఫీసు నుంచి ఇంటికి? అది మొదట్లో ఎవరి పనీ కాదు. ఆఫీసులో ఒక డబ్బా పెట్టి, దాని లైట్ వెలిగితే 'కనెక్ట్ అయింది' అని లెక్క రాసుకోవడమే. డబ్బా ఉన్న గదికి తాళం ఉండొచ్చు, కరెంటు లేకపోవచ్చు, వైరు ఎక్కడో జేసీబీ కింద పడి తెగి ఉండొచ్చు. లెక్కలో మాత్రం ఆ ఊరు కనెక్ట్ అయినట్టే.

మన రెండు రాష్ట్రాలూ చెరో దారి పట్టాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ ఫైబర్‌నెట్ వాళ్ళు నేల తవ్వకుండా కరెంటు స్తంభాల మీద ఫైబర్ లాగారు. 2016 డిసెంబర్‌లో అప్పటి తూర్పుగోదావరి జిల్లా మోరి గ్రామంలో మొదలుపెట్టి, 2017 డిసెంబర్‌లో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా రాష్ట్రమంతటికీ ప్రారంభించారు. నెలకి 149 రూపాయలకే టీవీ, ఫోన్, ఇంటర్నెట్ అన్నారు. వాళ్ళు చేసిన తెలివైన పని నా దృష్టిలో రేటు కాదు, ఇంటికి కనెక్షన్ ఇచ్చే పని ఊళ్ళో ఉన్న కేబుల్ ఆపరేటర్లకి అప్పజెప్పడం. ఊళ్ళో ప్రతి ఇంటి తలుపు తెలిసిన మనిషి వాళ్ళే కదా.

తెలంగాణలో టీ-ఫైబర్ వాళ్ళు మిషన్ భగీరథ నీళ్ళ పైపుల కోసం తవ్విన కందకాల్లోనే ఫైబర్ డక్ట్ కూడా వేశారు. ఒకే గుంత, రెండు పనులు. సివిల్ బ్రాంచి ఫ్రెండ్స్‌ని అడగండి, ఫైబర్ ఖర్చులో పెద్ద భాగం గాజు పోగుది కాదు, తవ్వకానిది. 2018 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో ప్రపంచ ఐటీ కాంగ్రెస్ జరిగినప్పుడు, మా పక్కనే ఉన్న మహేశ్వరం మండలంలో నాలుగు ఊళ్ళలో దీన్ని డెమోగా చూపించారు. తర్వాత చాలా కాలానికి, 2024 డిసెంబర్‌లో ఐటీ మంత్రి శ్రీధర్ బాబు పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్, సంగారెడ్డి జిల్లా సంగుపేట, నారాయణపేట జిల్లా మద్దూర్ లాంటి చోట్ల ఇంటింటి కనెక్షన్లు పైలట్‌గా మొదలుపెట్టారు. డెమోకి, పైలట్‌కి మధ్య దాదాపు ఏడేళ్ళు. నేను ఆరో క్లాసు నుంచి ఇంటర్‌ దాటి ఇంజనీరింగ్‌కి వచ్చేశాను.

మరి బడంగ్‌పేట్? మాది ఒకప్పుడు పంచాయతీ. తర్వాత నగర పంచాయతీ. 2019లో నాదర్‌గుల్, గుర్రంగూడ, అల్మాస్‌గూడ అన్నీ ఉన్న మున్సిపల్ కార్పొరేషన్. 2025 చివర్లో జీహెచ్‌ఎంసీలో కలిపారు. బోర్డు మారినప్పుడల్లా ఏదో ఒక స్కీం నుంచి మేం బయటికి పోతాం. భారత్‌నెట్ పంచాయతీలకి, మాకు కాదు. డిజిటల్ అక్షరాస్యత కోసం 2017లో మొదలైన పీఎంజీదిశ కూడా పల్లెలకే. ఇంటికి ఒకరు చొప్పున ఆరు కోట్ల ఇళ్ళల్లో ఒక్కొక్కరికి 20 గంటల ట్రైనింగ్ ఇవ్వాలని పెట్టిన ఆ స్కీం 2024 మార్చిలో ముగిసింది. లక్ష్యం దాటి 6.39 కోట్ల మందికి నేర్పామని లెక్క. మంచిదే. కానీ దానికి వయసు 14 నుంచి 60. మా నానమ్మకి 68. మాది పల్లె అయినా ఆమె లెక్కలో లేదు, ఇంటికి ఒకరే కాబట్టి మా అమ్మ కూడా ఉండేది కాదు. ఆ ఒక్కరు ఎవరై ఉంటారు? మా ఇంట్లో అయితే నేనే. ఆల్రెడీ వచ్చినవాడికే మళ్ళీ నేర్పినట్టు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక ప్రశ్న ఉంది, ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడారా అని. 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో అవునన్నవాళ్ళు తెలంగాణలో 26.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం. మగవాళ్ళ లెక్క తెలంగాణలో సగం పైనే. ఆ తర్వాత ఫోన్లు చాలా పెరిగాయి నిజమే. కానీ ఈ తేడా కాగితం మీద చూసినప్పుడు నాకు అంత అనిపించలేదు, మా గల్లీలో క్లాసు పెట్టాకే అర్థమైంది.

2025 ఏప్రిల్‌లో మేం నలుగురం కలిసి మా కాలనీ కమ్యూనిటీ హాల్లో ఆదివారం క్లాసు మొదలుపెట్టాం. ప్రొజెక్టర్ ఫ్రెండ్ వాళ్ళ అన్నది. స్లైడ్లు నేను చేశా. ఇంటర్నెట్ అంటే ఏమిటి, బ్రౌజర్ అంటే ఏమిటి, యూఆర్‌ఎల్ అంటే ఏమిటి. తెలుగులో ఉండాలి కదా అని ట్రాన్స్‌లేటర్‌లో వేసి అంతర్జాలం, విహరిణి, దిగుమతి అని రాశా. మొదటి ఆదివారం హాలు నిండింది. ఒకామె చెయ్యెత్తి "అంతర్జాలం అంటే శాపల వల లెక్కనా బిడ్డా?" అని అడిగింది. అందరూ నవ్వారు. నిజానికి నెట్ అంటే వలే, ఆమె చెప్పింది కరెక్టే. కానీ నా దగ్గర జవాబు లేదు. మూడో ఆదివారానికి ఆరుగురు మిగిలారు.

స్లైడ్లు మూసేసి వాళ్ళనే అడిగాం, మీకేం కావాలి అని. గ్యాస్ సబ్సిడీ పడిందో లేదో చూడాలి. కొడుకు రిజల్ట్ చూడాలి, వాడు చెప్పే మార్కులు నిజమేనా అని. వాట్సాప్‌లో చుట్టాల గ్రూపు చప్పుడు ఆపాలి, గ్రూపులోంచి పోకుండా. ఒకామె కొంగు చాటు నుంచి ఫోన్ తీసి "ఇది మా ఆయనది, ఐదింటికల్లా ఇచ్చెయ్యాలె" అంది. ఇంకొకామెకి సొంత ఫోన్ ఉంది, కానీ బ్యాంకులో ఉన్న నంబరు భర్తది. "ఓటీపీ ఆయనకి వోతది, ఆయన డ్యూటీల ఉన్నడు." ఇక దీనికి నేను ఏ స్లైడ్ చేయాలి?

మా గల్లీ చివర బట్టలు కుట్టే అక్క ఉంది. ఆమె ఒక్క వారం కూడా మానలేదు. ఆమెకి కావలసింది యూపీఐ. కస్టమర్లు చిల్లర లేదంటున్నారు, ఫోన్‌పే ఉందా అంటున్నారు. రెండు ఆదివారాల్లో నేర్పాను. బటన్ దుకాణంలో ఆమె మొదటిసారి 40 రూపాయలు పంపినప్పుడు నాకు సెమిస్టర్ పాసైనంత సంతోషం. పిన్ కొట్టాలంటే భయపడుతోందని ప్రతిసారీ ఒకటే చెప్పా, "అక్కా, పిన్ కొడితేనే పని అవుతది, భయపడకు."

మే నెలాఖరులో ఆమె పాత కుట్టు మిషన్ అమ్ముదామని ఫోటో పెట్టింది. ఒకడు హిందీలో మాట్లాడాడు, బేరం కూడా ఆడలేదు. అడ్వాన్స్ పంపిస్తున్నా, ఫోన్‌లో వచ్చింది నొక్కి పిన్ కొట్టు అన్నాడు. వచ్చింది డబ్బు కాదు, కలెక్ట్ రిక్వెస్ట్, అంటే వాడు ఈమెని డబ్బు అడగడం. రెండు వేలు. కొట్టింది. రాలేదు, ఇంకోసారి కొట్టు అన్నాడు. కొట్టింది. మూడోసారి కూడా కొట్టింది. ఆరు వేలు.

సాయంత్రం మా ఇంటికి వచ్చింది. తిడుతుందేమో అనుకున్నా. తిట్టలేదు. "పైసలు వచ్చేటప్పుడు గూడ పిన్ గొట్టాల్నేమో అనుకున్న తమ్మీ. నువ్వే చెప్పినవ్ గదా, పిన్ గొడితేనే పని అయితదని" అంది.

అప్పటికప్పుడు 1930కి ఫోన్ చేయించాను. సైబర్ మోసాలకి దేశమంతా అదే నంబరు. ఎంత తొందరగా చేస్తే డబ్బు చేతులు మారకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ. మేం చేసేసరికి నాలుగు గంటలు దాటింది. ఒక రెండు వేలు మధ్యలో ఆగి, తర్వాత వాపసు వచ్చాయి. మిగతా నాలుగు వేలు పోయాయి. నాలుగు వేలంటే ఆమెకి ఎన్ని జాకెట్లో నేను లెక్క వేశాను, ఇక్కడ రాయను. తర్వాత 2025 అక్టోబర్ 1 నుంచి ఇద్దరు వ్యక్తుల మధ్య ఈ కలెక్ట్ రిక్వెస్టులనే ఎన్‌పీసీఐ ఆపేసింది. మా అక్కకి నాలుగు నెలలు లేటు.

అక్కకి బటన్లు నొక్కడం రాక డబ్బు పోలేదు. వచ్చింది కాబట్టే పోయింది. నేను నేర్పకపోయి ఉంటే ఆమెకి యూపీఐ ఉండేది కాదు, మోసపోయే అవకాశమూ ఉండేది కాదు. అలాగని నేర్పొద్దు అనడం లేదు. పంపడం నేర్పిన రోజే, డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు అన్న ఒక్క వాక్యం చెప్పాల్సింది. అది నా స్లైడ్లలో లేదు, ఎందుకంటే నాకు అది ఎప్పుడూ సమస్య కాదు. సిలబస్ నాకు తెలిసిన దాని నుంచి తయారైంది, ఆమెకి ఎదురయ్యే దాని నుంచి కాదు.

తర్వాత నేను వేరే వాళ్ళు ఎలా చేశారో వెతికాను. కేరళలో తిరువనంతపురం జిల్లా పుల్లంపార పంచాయతీ 2022లో పూర్తి డిజిటల్ అక్షరాస్యత సాధించింది. వాళ్ళు జనాన్ని క్లాసుకి పిలవలేదు. వాలంటీర్లే ఉపాధి హామీ పని జరిగే చోటికి, ఇళ్ళ దగ్గరికి, కుటుంబశ్రీ మీటింగులకి వెళ్ళారు. మధ్యాహ్నం చెట్టు కింద పని ఆపిన టైంలో ఫోన్ నేర్పారు. దాన్నే రాష్ట్రమంతా చేసి, 2025 ఆగస్టులో కేరళ పూర్తి డిజిటల్ అక్షరాస్యత రాష్ట్రంగా ప్రకటించుకుంది. అక్కడ పై వయసు పరిమితి లేదు. నూరేళ్ళు దాటిన ఒక పెద్దాయన కూడా నేర్చుకున్నారు. ఇది మా నానమ్మకి చెప్తే "ఆయనకు పనేం లేదేమో" అంది.

కేరళ దాకా ఎందుకు, మన జహీరాబాద్ దగ్గర మాచనూర్‌లో 2008 అక్టోబర్ నుంచి సంఘం రేడియో నడుస్తోంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలది. నడిపేది దళిత మహిళలు. రికార్డింగ్, ఎడిటింగ్, ప్రసారం అన్నీ వాళ్ళే. పెద్ద చదువులు లేవని మిషన్లు వాళ్ళకి దూరంగా పెట్టలేదు. వాళ్ళ విత్తనాలు, వాళ్ళ పంటలు, వాళ్ళ పాటలు, వాళ్ళ భాషలో ప్రోగ్రాములు. చెప్పుకోవడానికి వాళ్ళ దగ్గర విషయం ఉంది, మిషన్ దాని వెనక వచ్చింది. మేం ఉల్టా చేశాం.

ఇంగ్లండ్‌లో లాంకషైర్ పల్లెల కథ ఇంకోటి. కంపెనీలు గిట్టుబాటు కాదన్నాయని 2011లో ఊరివాళ్ళే సొసైటీ పెట్టుకుని వాటాలు కొన్నారు, రైతులు తమ పొలాల్లో తామే కందకాలు తవ్వి ఫైబర్ వేసుకున్నారు. బీఫోర్‌ఆర్‌ఎన్ అని రాసి బార్న్ అని పలుకుతారు. సొంత పొలంలో సొంతంగా తవ్విన వైరు మీదికి ఎవడూ జేసీబీ పోనివ్వడు. మా దగ్గర డ్రైనేజీ కోసం తవ్వేవాడికి కింద ఫైబర్ ఉందని చెప్పే మనిషే ఉండడు.

మన ప్రభుత్వానికి కూడా ఇది కొంత అర్థమైనట్టుంది. 2023 ఆగస్టులో ఒప్పుకున్న సవరించిన భారత్‌నెట్‌కి 1,39,579 కోట్లు. ఇందులో ఒకచోట తెగినా ఇంకో వైపు నుంచి వచ్చేలా రింగ్ పద్ధతి. ఇంటింటి కనెక్షన్, రిపేరు ఊళ్ళో ఉన్న ఉద్యమి అనే మనిషి చేతిలో, ఆదాయంలో సగం వాటా ఆయనకి. అంటే మా కేబుల్ అన్న లాంటి మనిషిని స్కీంలోకి రాసుకున్నారు. 2020 డిసెంబర్‌లో వచ్చిన పీఎం-వాణిలో అయితే కిరాణా కొట్టు, టీ కొట్టు కూడా లైసెన్స్ లేకుండా వైఫై అమ్ముకోవచ్చు. మంచి ఆలోచనలే. నాకు ఉన్న అనుమానం ఒక్కటే: ఆ ఉద్యమికి కనెక్షన్‌కి ఇంత అని వస్తుంది, పక్కింటామెకి పది నిమిషాలు కూర్చుని చెప్పినందుకు ఏమీ రాదు. ఆ పది నిమిషాలు ఎవరి లెక్కలోనూ లేవు.

మేం ఇప్పుడు చేస్తున్నది చిన్నది. స్లైడ్లు లేవు. ఈ వారం మీ ఫోన్‌కి వచ్చిన అనుమానం మెసేజ్ చూపించండి అని మొదలుపెడతాం, గంట దానికే అయిపోతుంది. కుట్టు మిషన్ కథ అక్కే చెప్తుంది. మొదట్లో సిగ్గుపడింది, ఇప్పుడు మూడోసారి పిన్ కొట్టిన దగ్గరికి రాగానే ఆగి అందరి మొహాలు చూస్తుంది. కేబుల్ అన్నతో మాట్లాడి, ఆయన వెళ్ళిన ప్రతి ఇంట్లో మోడెం మీద ఒక స్టిక్కర్ అంటిస్తున్నాం. 'పైసలు రావడానికి పిన్ అక్కర్లేదు. మోసపోతే వెంటనే 1930.' అన్న అంటించేటప్పుడు నోటితో కూడా ఒకసారి చెప్తాడు. ప్రింటింగ్ ఖర్చు వంద స్టిక్కర్లకి మా నలుగురి ఒక రోజు క్యాంటీన్ డబ్బులు. మా ఇంట్లో స్టిక్కర్ గుడ్డ కింద పడిపోయిందని నేను అంటే, నానమ్మ గుడ్డకి ఆ మేరకు కిటికీలా కత్తిరించింది.

పని చేయనివి కూడా ఉన్నాయి. భర్త నంబరుకి ఓటీపీ పోయే సమస్య అలాగే ఉంది. బ్యాంకుకి వెళ్ళి నంబరు మార్పించుకున్నవాళ్ళు ఇప్పటికి ఇద్దరే. ఒకామె ఇంట్లో గొడవైంది, ఆమె మళ్ళీ రాలేదు. మేం వెళ్ళి అడగాలా వద్దా తేలక వదిలేశాం.

బాలాపూర్ రోడ్డు వైపు కొత్తగా కడుతున్న అపార్ట్‌మెంట్ల దగ్గర బిహార్, ఒడిశా నుంచి వచ్చిన కూలీ కుటుంబాలు ఉంటున్నాయి. వాళ్ళ దగ్గర వైరు లేదు, మొబైల్ డేటానే. ఊరికి డబ్బు పంపేది దాంతోనే. సాయంత్రం ఆరున్నరకి పని దిగుతారు, హాలుకి రమ్మంటే రారు, మనమే పోవాలి. మా నలుగురిలో హిందీ సరిగ్గా వచ్చినవాడు ఒక్కడే, ఒడియా ఎవరికీ రాదు. ఈ వ్యాసం చదివేవాళ్ళలో ఎవరికైనా వస్తే, శనివారం కాలేజీ బస్సు దిగాక బడంగ్‌పేట్ చౌరస్తా దగ్గర కలవండి. ల్యాప్‌టాప్ అక్కర్లేదు.